భాగ్యరెడ్డి వర్మ బడుల ముచ్చట

ఇటు జరుగుండ్రి బిడ్డా, మంట కాడికి రాండ్రి. పొద్దు గూకిందంటే అనంతగిరి గుట్టల మీదికెల్లి వచ్చే గాలి ఎముకలు కొరుకుతది. ఓరి చిన్నోడా, ఇంకో రెండు కందికట్టెలు ఎయ్యిరా. ఆ, గిట్ల.

పెద్దపిల్లకు రేపు బళ్ళె మాట్లాడేదుందట. జనవరి 3 గదా, సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు. మొగడూ పెండ్లామూ కలిసి 1848ల పుణెల ఆడపిల్లల కోసం బడి పెట్టిన్రని, 1868ల జ్యోతిబా తన ఇంటి నీళ్ళ హౌజు అంటరానోళ్ళకు తెరిచిండని సారు రాసిచ్చిండట. మంచిగుంది బిడ్డా, అదంత చెప్పు. కాని మన హైదరాబాద్‌ల గూడ గసొంటాయన ఒకాయన ఉండె. ఆయన ముచ్చట మనమే చెప్పకుంటె ఇంకెవరు చెప్తరు?

ఆయన పేరు భాగ్యరెడ్డి వర్మ. 1888 మే 22న పుట్టిండు. అవ్వయ్యలు పెట్టిన పేరు మాదరి భాగయ్య. మాలోళ్ళ పిలగాడు. ఇంటి గురువు ఆయనను భాగ్యరెడ్డి అన్నడు, ఎనుకనుంచి ఆర్య సమాజపోళ్ళు వర్మ అని బిరుదిచ్చిన్రు.

అప్పుడు కాలం ఎట్లుండెనో ఎరికేనా? నిజాం రాజ్యం. మన వికారాబాద్ పాయిగా జాగీరు, వికారుల్ ఉమ్రా పేరు మీదనే ఈ ఊరికి పేరొచ్చింది. తాండూరేమో గుల్బర్గా జిల్లల ఉండె, 1956లనే ఇటు కలిసింది. వాడి నుంచి సికింద్రాబాద్ దాక రైలు 1874లనే పడ్డది. టికెట్ కొన్నోడు ఎవడైన రైలెక్కేటోడు, దిగి ఊళ్ళెకు పోయినంక మాత్రం బాయి కాడ ఎవని హద్దు వానిదే. మా నాయిన చెప్పేటోడు, దూపైతే దోసిలి పట్టి నిలవడాలె, పైనుంచి ఎవరన్న పోస్తె తాగాలె. ఎట్టి పనికి పిలిస్తె సాలు పనైన ఇడిసి ఉరకాలె. ఇగ సదువు ముచ్చట అడుగనే వద్దు.

గసొంటి దినాలల్ల, 1906ల, ఇంక ఇరవై ఏండ్లు గూడ నిండని పోరడు జగన్మిత్ర మండలి అని పెట్టిండు. సదువు రాని జనానికి కాయితం ఇస్తె ఏం లాభం? అందుకని హరికథలు, భజనలు పెట్టిచ్చిండు. కూసొని ఇన్నోళ్ళకు కథల నడుమ అసలు మాట చెప్పేటోడు: తాగకుండ్రి, పసిపిల్లలకు పెండ్లిళ్ళు చెయ్యకుండ్రి, దేవుని పేరు మీద జీవాలను కొయ్యకుండ్రి. 1911ల మాన్య సంఘం పెట్టిండు. బస్తీలల్ల పంచాయితీలు నిలబెట్టిండు, మనోళ్ళ తగాదలు మనమే తెంపుకుందామన్నడు.

నాకు అన్నిటికన్న పెద్దగ కొట్టేది ఆయన పెట్టిన బడులు. 1910ల మొదలువెట్టిండు, ఇసామియా బజార్ల ఒకటి, లింగంపల్లిల ఒకటి. సర్కారు బడులల్ల ఉర్దూ నడిచే కాలమది. ఇంట్ల తెలుగు మాట్లాడే పిల్లగానికి బళ్ళె అడుగువెట్టంగనే నోరు కట్టేసినట్టుండేది. ఈయన తన బడులల్ల తెలుగుల చెప్పిచ్చిండు. బిడ్డా, గీ లెక్క మంచిగ యాదివెట్టుకో: 1933-34 వరకు గవి 26 బడులైనయి, అండ్ల 2,500 మంది పిల్లలు. ఒక్కో బడికి వంద మందికి దగ్గర. సర్కారు పెట్టలె, జమీందారు పెట్టలె. ఓ బారిస్టరు ఇంట్ల పనిజేసి బతికినోడు పెట్టిండు. ఎనుకకు గవి సర్కారు చేతికి పోయినయి.

ఆడపిల్లల ముచ్చట చెప్త, ఇనుండ్రి. పసిపిల్లను దేవునికి ఇడిసి జోగినిని చేసుడు అప్పుడు ఊరూరా ఉండె. దేవుని పేరు చెప్పి ఊరి పెద్దలు ఆ పిల్ల బతుకు ఆగం చేసేటోళ్ళు. గది ఆచారం గాదు, పాపమని భాగ్యరెడ్డి వర్మ నిలవడి చెప్పిండు. చట్టం ఎప్పుడొచ్చింది? 1988ల. ఆయన 1939 ఫిబ్రవరి 18న కాలం చేసిండు, అంటే ఆయన పోయిన యాభై ఏండ్లకు దగ్గర. మన దిక్కు పల్లెలల్ల జోగినులుగ బతికినోళ్ళను నేను గూడ ఎరుగుదు. అందుకే ఈ మాట చెప్తుంటె నాకు గొంతు పడుతది.

1917ల బెజవాడల పెద్ద సభ పెట్టిన్రు. పంచముల సభ అని పిలిచిన్రు, ఈయనను అధ్యక్షుని చేసిన్రు. మేము అయిదో వర్ణమోళ్ళం గాదు, ఈ నేల మీద మొదటినుంచి ఉన్నోళ్ళమని చెప్పి సభకు ఆది ఆంధ్ర అని పేరు మార్పిచ్చిండు. హైదరాబాద్ రాజ్యంల గూడ అదే కొట్లాట నడిపితె 1931 జనాభా లెక్కలల్ల ఆది హిందువులని రాసిన్రు. అదే ఏడు భాగ్యనగర్ అని పత్రిక తెచ్చిండు. 1930ల లక్నో సభల అంబేద్కర్ దిక్కు నిలవడ్డడు. చాదర్‌ఘాట్ కాడ ఆది హిందూ భవనం ఆయన కట్టిచ్చిందే.

మనకేం సంబంధం అంటవేమో. అరిగె రామస్వామి అని ఆ కాలపోడే ఇంకొకాయన ఉండె. ఆయన గూడ తాగుడు వద్దని, జోగిని ఆచారం వద్దని బస్తీలు తిరిగిండు. స్వతంత్రం వచ్చినంక మన వికారాబాద్ నుంచే గెలిచి అసెంబ్లీకి పోయిండు. పట్నంల మొదలైన మాట రైలుపట్టా ఎంబడి మన దాక వచ్చిందన్నట్టు.

తాండూరు గనులల్ల నాపరాయి తీసుడు చూసిన్రు గదా? ఒక్క సుత్తె దెబ్బకు పొర లేవది. చుట్టూ ఉలి పెట్టుకుంట, కొట్టుకుంట పోవాలె, ఓపిక వట్టాలె. కులం గూడ గంతే. ఒకాయన కొట్టిపోయిండు, ఇంకొకాయన అందుకున్నడు. మా కాలంల మేము కొంచెం కొట్టినం. మీ అక్క ఫూలే పేరు మీదున్న గురుకులంల సదువుకున్నదంటె, గీ బడులన్ని ఊకెనే వచ్చినయా? ఎనుక ఎంతమంది చెమటున్నదో తెలుసుకో.

రేపు మైకు పట్టుకున్నంక భయపడకు. ఫూలే పేరు చెప్పు, సావిత్రిబాయి పేరు చెప్పు, మన భాగ్యరెడ్డి వర్మ పేరు చెప్పు. 26 బడులు, 2,500 మంది పిల్లలు, ఆ లెక్క మాత్రం ఇడువకు. ఫోటోకు దండ ఎయ్యుండ్రి, వంగి దండం పెట్టుండ్రి, అది ఉండాల్సిందే. దండ ఏసినంక మీ సార్లను ఒక మాట అడుగు: మన తరగతిల పత్తి ఏరనీకె పోయి బడి బందువెట్టిన పిల్ల ఎవరు? కందికోతకని ఆగిపోయినోడు ఎవడు? బండలు పాలిష్ చేసే కాడికి అయ్యతోని పోతున్నోళ్ళు ఎంతమంది? పేర్లు రాసుకొని రా. వాళ్ళ ఇండ్లకు పోయి అవ్వయ్యలతోని నేను మాట్లాడుత, నువ్వు గూడ నాతోని రావాలె. భాగ్యరెడ్డి వర్మకు మనం చెప్పాల్సిన లెక్క అదే: ఈ ఏడు ఎంతమంది బడికి తిరిగొచ్చిన్రు అని.