వార్తలలో ‘తెలియుచున్నది’

లంకనుండి మరలివచ్చిన హనుమంతుడు శ్రీరాముని యెదుట ముందుగా పలికినది సీత పేరు కాదనియు, చూచితినను క్రియయనియు పురాణ కాలక్షేపములయందు పెద్దలు విశేషించి చెప్పుదురు. పేరు ముందు వచ్చి క్రియ ఆలసించినచో, ఆ నడిమి క్షణమున రాముని మనస్సెంత తల్లడిల్లునో ఆ దూత యెఱుగును. భారతమున సంజయుడును వ్యాసప్రసాదమున లభించిన దృష్టితో చూచియే ధృతరాష్ట్రునకు యుద్ధవార్త చెప్పెను. మన తెలుగు పత్రికలు మాత్రము ‘చూచు’ క్రియను విడిచి ‘తెలియు’ క్రియను చేపట్టినవి.

పాత సంచికల కట్టలు విప్పినవారికి ఈ మాట తఱచుగా ఎదురగును. ‘తెలియుచున్నది’, ‘తెలియవచ్చుచున్నది’, ‘తెలిసికొని సంతసించుచున్నాము’ అని దీని వేషములు పలురకములు. ‘వినవచ్చుచున్నది’, ‘వదంతి కలదు’ అనువానికిని చోటున్నది గాని, అవి సామంతులవంటివి.

దీనికి కారణము మన భాషయందే కలదు. తెలుగున ఎఱుకను చెప్పుటకు ముఖ్యమైన క్రియలు రెండు. ‘ఎఱుగు’నకు కర్త ఎదుట నిలువవలెను: నేనెఱుగుదును, వాడెఱుగును. ‘తెలియు’నకు నిత్యవ్యవహారమున ఆ నిర్బంధము లేదు. ‘నాకు తెలియును’ అనునప్పుడు ఎఱిగినవాడు షష్ఠీవిభక్తి చాటున ఒదిగియుండును. ఆ ‘నాకు’ తీసివేసినను వాక్యము చెడదు. ‘దొంగలు పట్టుబడినట్లు తెలియుచున్నది.’ ఎవరికి తెలిసినది? ఎవరివలన? వాక్యము బదులు చెప్పదు. ‘వచ్చు’ కూడ చేరి ‘తెలియవచ్చుచున్నది’ అయినప్పుడు, వార్త తనంతట తానే నడచివచ్చి పత్రికా కార్యాలయపు గడప యెక్కినట్లుండును. ‘పట్టుబడినట్లు’ అనుటలోని ‘అట్లు’ కూడ అల్పమైనది కాదు. ‘దొంగలు పట్టుబడిరి’ అనుట వేఱు, పట్టుబడినట్లు తెలియుట వేఱు. పొలమునకు పోయి పైరు చూచి అడంగలు వ్రాయువాడు, ‘వరి పండినట్లు తెలియుచున్నది’ అని వ్రాసినచో అజమాయిషీకి వచ్చిన అధికారి యూరకుండునా?

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయియందు వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక, 1914 ఏప్రిల్ 1న మద్రాసున దినపత్రికయైనది. ఆ యేడే జూలై చివర మొదటి ప్రపంచయుద్ధము సంభవించినది. తంతివార్తలు ఆంగ్లమున వచ్చును. రాత్రికి రాత్రి తెలుగు చేయవలెను. తెలిపినవాని పేరు చెప్పని వాక్యములు ఆ భాషయందును మెండు. వానికి మన ‘తెలియుచున్నది’ సిద్ధముగా దొరకినది. అయినను ఈ క్రియ తర్జుమాకై పుట్టినది కాదు. ‘తమకు తెలియగలందులకు’ అని జాబులు వ్రాసిన జాతికి ఇది ఇంటి సొమ్మే.

1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అను జర్మను యుద్ధనౌక మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. భయముచే అనేకులు పట్టణము విడిచిపోయిరి. నవంబరు 9న కోకోస్ దీవులకడ ఆ నౌక రూపుమాయువఱకు దాని జాడ తీరవాసులకు దినదిన చింతయే. మరల 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై జపాను విమానములు బాంబులు వేసినప్పుడును అట్టి భయమే. అట్టి దినములలో బండి కట్టవలెనా, ఇంటనే యుండవలెనా అను నిర్ణయము వాక్యము చివరి క్రియను బట్టి యుండును. తెలుగు వాక్యమున ఆ క్రియ కట్టకడపటనే వచ్చును. ఒకరు చదువగా పదిమంది వినుచోట, చదువరి ఊరిపేరు బిగ్గరగా పలికి చివర ‘తెలియుచున్నది’ని మ్రింగివేసినచో, పత్రిక సందేహముతో చెప్పినది ఊరిలో నిశ్చయమై తిరుగును. అందు పత్రిక దోషము లేదు.

కర్త కనబడని ఈ క్రియ పత్రికాధిపతులకు రక్షయైనదా యన్నచో, అంతగా కాలేదనియే చెప్పవలెను. 1867 నాటి చట్టము ప్రతి పత్రికపైనను ముద్రాపకుని పేరు, ప్రకాశకుని పేరు అచ్చువేయవలెనని శాసించినది. వాక్యమున లేని కర్త అచ్చట దొరకును. 1910 నాటి ముద్రణాచట్టము క్రొత్త ముద్రాలయములనుండి 500 మొదలు 2,000 రూపాయలవఱకు ధరావతు కోరుటకు వీలు కల్పించినది; 1922లో గాని అది రద్దు కాలేదు. అంతకు పూర్వమే, 1908లో, బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై చెఱసాలకు పోయిరి. తరువాతి కాలమున గ్రంథాలయోద్యమమునకు నాయకులైనవారును ఆయనయే.

నేటి పత్రికలు ‘తెలిసింది’ అని వ్రాయుచున్నవి. పొట్టిమాటయే, సుఖముగానున్నది. కాని ‘తెలియుచున్నది’ అన్నప్పుడు ఎఱుక ఇంకను దారిలోనున్నదని, రేపటి సంచికలో మరికొంత రావచ్చునని పాఠకునకు స్ఫురించెడిది. ‘తెలిసింది’లో ఆ దారి ముగిసినది. టెలివిజను వార్తలు చదువువారు ‘తెలుస్తోంది’ అనునపుడు మాత్రము ఆ పాత ‘చున్నది’యే వాడుక వేషమున వినబడుచుండును.