అద్దం మీద తెల్ల మరక

మృగశిర కార్తె వెళ్లిన వారం పుట్టింటికి పోయి వస్తున్నాను. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నల్లగొండకు. బండి నేనే నడుపుతున్నా, పక్కన పదో తరగతి చదివే మా బాబు. అప్పుడే ఒక వాన పడి వెలిసింది. దేవరకొండ దాటాక ముందున్న లారీ చక్రాల కింది ఎర్రబురద ఒక్కసారిగా మా అద్దం నిండా కొట్టింది. వైపర్ కాడను నా వైపు లాగాను. నీళ్లు రాలేదు. వైపర్లు మాత్రం తిరిగి ఆ బురదను గోడకు అలికినట్టు అద్దమంతా అలికేశాయి. నాలుగైదు క్షణాలు ముందు ఏముందో నాకు కనబడలేదు. ఎట్లాగో ఎడమ పక్కకు తీసి ఆపాను. మా బాబు తాగే నీళ్ల సీసా అద్దం మీద కుమ్మరించాడు. ఇల్లు చేరేదాకా నా చేతుల వణుకు తగ్గలేదు.

తెల్లారి మెకానిక్‌కు ఫోన్ చేస్తే నాలుగు రోజులు ఆగమన్నాడు. "మనమే చూద్దాం అమ్మా" అన్నాడు బాబు. సరే, మిక్సీ బుష్షు మార్చిన దాన్ని, ఇదెంత అనుకున్నా.

మీ బండికీ ఇట్లా అయితే ముందు చెవి పెట్టి వినండి. తాళం తిప్పి కాడ లాగితే 'జుయ్' మని మోటారు మోగాలి. మోగుతున్నా నీళ్లు రాకపోతే పైపు ఊడిందనో, నీళ్లు చిమ్మే రంధ్రం పూడిందనో అర్థం. మాకు చప్పుడే లేదు. ఫ్యూజు తీసి చూశాం, బాగానే ఉంది. ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, దాని వెనకున్న ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులు తీస్తే నీళ్ల డబ్బా కనబడింది. దాని అడుగున బొటనవేలంత పంపు. దాని వైర్లు ఊడదీసి, బాబు వాటికి చిన్న బల్బు తగిలిస్తే, నేను కాడ లాగగానే బల్బు వెలిగింది. అంటే కరెంటు వస్తోంది, పోయింది పంపే.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కింద బకెట్ పెట్టి, పంపును అటూ ఇటూ తిప్పుతూ రబ్బరు వాషరు నుంచి లాగాం. దాని మూతికున్న జల్లెడ నిండా తెల్లగా గార. వేడి నీళ్ల గీజరులో, చాయ్ గిన్నె అడుగున పడుతుందే, అదే. లోపలి చిన్న రెక్క చక్రం సున్నంలో పాతినట్టు బిగుసుకుపోయింది. తిరగలేక తిరగలేక మోటారు కాలిపోయింది. ఆ డబ్బాలో ఏళ్లుగా మా బోరు నీళ్లు పోస్తున్నది నేనే. తప్పు నాదే.

"ఇవన్నీ ఎవరు కనిపెట్టారమ్మా?" అని అడిగాడు బాబు. ఒక ఆడమనిషి అంటే నమ్మలేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రపు మేరీ ఆండర్సన్ ఒక చలికాలం న్యూయార్క్ వెళ్లి ట్రామెక్కింది. అద్దం మీద మంచు పడుతుంటే దారి కనబడక డ్రైవరు ఆ చలిలోనే అద్దం తెరిచి నడుపుతున్నాడు. బండిలో అందరూ వణుకుతూ కూర్చున్నారు. లోపలి నుంచే తుడుచుకునే వీలుంటే ఈ బాధ ఎందుకని ఆమెకు తోచింది. లోపల ఒక పిడి, బయట రబ్బరు పట్టీ ఉన్న చేయి, పిడి తిప్పితే చేయి అద్దాన్ని తుడుస్తుంది. 1903 నవంబరు 10న దానికి పేటెంటు వచ్చింది. 1905లో కెనడా కంపెనీ ఒకటి దీనికి వ్యాపారపు విలువ లేదని తిప్పి పంపింది. 17 ఏళ్ల గడువు తీరి 1920లో పేటెంటు చెల్లిపోయింది. రెండేళ్లు తిరగకుండా కాడిలాక్ కంపెనీ తన కార్లన్నిటికీ వైపర్లు పెట్టింది. ఆమెకు పైసా రాలేదు. 1917లో కరెంటుతో తిరిగే వైపరుకు పేటెంటు తీసుకున్న షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్‌కూ లాభమేమీ దక్కలేదు. అమెరికా ఆవిష్కర్తల గౌరవ మందిరంలో మేరీ పేరు చేరింది 2011లో, ఆమె పోయిన 58 ఏళ్లకు.

ఎండిన బురదను ఉత్త రబ్బరు తుడవలేదు కదా, అలుకుతుంది. నీళ్లు కావాలి. అందుకే చేత్తో నొక్కే పంపులు, కాలితో తొక్కే పంపులు వచ్చి, తర్వాత ఈ బుల్లి మోటారు పంపు వచ్చింది. అయితే ఎక్కడి పంపైనా ఆ ఊరి నీళ్లే తాగాలి.

మేం ఇదంతా ముందేసుకుని కూర్చుంటే అత్తమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆమె మెడ తిప్పలేదు. ఎటైనా చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. నడుం ఎప్పుడో వంగిపోయింది. పుట్టింది, మెట్టింది మర్రిగూడ దిక్కు. పంపు చేతికిస్తే కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది.

"గిదేంది బిడ్డా, గింత సున్నం! మా ఊళ్లె రెండు బోర్లుండె. ఒకదాని నీళ్లకు బిందెల తెల్లగ గార పడుతుండె. అవి చెడ్డవని బట్టలకు వాడేటోళ్లం. ఇంకోదాని నీళ్లల్ల పప్పు జెల్ది ఉడుకుతుండె, గార ఉండకపోతుండె. తాగనీకి గవ్వే తెచ్చుకునేటోళ్లం."

నా చేతిలో పని ఆగిపోయింది. పంపును చంపింది కాల్షియం. అది కంటికి కనబడుతుంది, నిమ్మరసానికి కరుగుతుంది. మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పైగా ఈ రెంటికీ పడదు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున చేరుతుంది. కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లలోనే ఎక్కువ కరిగి నిలుస్తుంది. అందుకని చాలా చోట్ల పప్పు త్వరగా ఉడికే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ. అత్తమ్మ ఊరి బోర్లను ఆ రోజుల్లో ఎవరు పరీక్షించారని? కానీ ఏది మంచి నీళ్లో ఆడవాళ్లు కంటితో, పప్పుతో తేల్చుకున్న ఆ లెక్క నమ్మదగింది కాదు. కాచినా లాభం లేదు. నీళ్లు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అదే 1955 డిసెంబరు 10న నెహ్రూ ఇదే జిల్లాలో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ దిక్కు పొలాలు పచ్చబడ్డాయి. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ మెట్టప్రాంతాలు కాలువ కంటే ఎత్తు. నీళ్లు పైకి పారవు కదా. కింద నల్లరాయి, ఆ రాతిలోనే ఫ్లోరైడ్. బావులు ఎండినకొద్దీ బోర్లు లోతుకు పోయాయి.

1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు నీళ్లలో వేసి బాగా కలిపి, తేరనిచ్చి, పై నీళ్లు వడగట్టుకునే పద్ధతి తెచ్చారు. దాని పేరే నల్గొండ టెక్నిక్. ప్రపంచంలో ఫ్లోరైడ్ పుస్తకాలన్నిటిలో మన ఊరి పేరు అట్లా ఎక్కింది. కానీ రోజూ ఆ మందులు కొలిచి కలిపి, తేరేదాకా కాచుకుని కూర్చోవాల్సింది ఎవరు? కూలికి పోయే ఆడమనిషే. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటి నీళ్ల పథకానికి పైలాన్ వేశారు. అదే మిషన్ భగీరథ. కృష్ణ నీళ్లు పంపులతో మెట్ట ఎక్కాయి. ఇప్పటి పిల్లలు ఆ నీళ్లు తాగుతున్నారు. అత్తమ్మకు అవి ఆలస్యంగా వచ్చాయి.

కొత్త పంపుకు 350 రూపాయలైంది. డబ్బాను నిమ్మరసం నీళ్లతో కడిగాం. రబ్బరు వాషరుకు సబ్బునీళ్లు రాసి పంపును నొక్కితే టక్కున కూర్చుంది. పైపు, వైర్లు తగిలించాం. నీళ్లు చిమ్మే రంధ్రాలను పిన్నీసుతో పొడిచి శుభ్రం చేశాం. ఒక్క జాగ్రత్త, డబ్బా ఖాళీగా ఉన్నప్పుడు కాడ లాగకండి, ఉత్తగా తిరిగితే పంపు కాలుతుంది. ఇక నుంచి అందులో బోరు నీళ్లు పోయను. ఏసీ నుంచి కారే నీళ్లలో సున్నం ఉండదు కాబట్టి వాటినే గుడ్డతో వడగట్టి పోస్తున్నాను.

మొదటిసారి డబ్బా నింపింది అత్తమ్మే. బాబు కాడ లాగితే నీళ్లు ఎగజిమ్మి అద్దం తేటపడింది. "పంపు మారిస్తివి, మంచిగైంది. నా నడుముకు గూడ గట్ల దొరికితే తేరాదు బిడ్డా" అని నవ్వింది. బాబు నవ్వలేదు. ఆ సాయంత్రం సీసాలో మా బోరు నీళ్లు పట్టి, తాగే నీళ్లు ఇంకో సీసాలో పట్టి, రెంటి మీదా కాగితం అంటించి, పరీక్షకు ఎక్కడ ఇవ్వాలమ్మా అని అడిగాడు. మర్నాడు ఇద్దరం పోయి ఇచ్చి వచ్చాం. మీ ఇంట్లోనూ బోరు నీళ్లే తాగుతుంటే ఒక సీసా పట్టి పరీక్షకు ఇవ్వండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. పప్పు ఉడికిందా లేదా అన్నది చూడకండి.