బొడ్లో తాళంచెవి

మన తాతల కాలంలో మీ భూమి గుట్టు మీ ఇంట్లో ఉండేది కాదు, కరణం ఇంట్లో ఉండేది. అడంగల్‌లో పేరు మారినా మనకు తెలిసేది కాదు. 1984లో రామారావు గారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. తర్వాత్తర్వాత పాసుపుస్తకాలు మన చేతికొచ్చాయి. అవి ట్రంకుపెట్టెలో, తాళంచెవి అమ్మ బొడ్లో. నాయన పోయినరోజు మేం దేనికీ వెతుక్కోలేదు.

ఇప్పుడు గుట్టంతా ఫోన్లోకెళ్లింది. పోయినేడు మా వీధిలో ఒకాయన హఠాత్తుగా పోయాడు. ఫోన్ లాకు ఇంట్లో ఎవరికీ తెలీదు. అప్పెంతో, బీమా ఉందో లేదో తెలీక ఆమె నెలల తరబడి తిరిగింది. కరణం పోయాడనుకున్నాం గానీ, ఆ ఇంటికి ఆయనే కరణమయ్యాడు!

నేను ఖాతా నంబర్లు, నామినీ పేర్లు, బీమా వివరాలు, ఫోన్ లాకు నోటుబుక్కులో రాసి పాత ట్రంకుపెట్టెలోనే పెట్టా. ఏటీఎం పిన్ను మాత్రం రాయలేదు. తాళంచెవి మా ఆవిడ దగ్గరుంది.