మగ్గాల అమరిక, మనుషుల పని

కార్ఖానాలో యంత్రాలను ఏ వరుసలో నిలపాలి, ఒక్కొక్కరికి ఎంత పని అప్పగించాలి అన్నవి మేనేజిమెంటు విద్యార్థులు చదివే పాఠాలు. మొదటిదాన్ని లేఅవుట్ అనీ, రెండోదాన్ని జాబ్ డిజైన్ అనీ అంటారు. పేర్లు కొత్తవే గాని విషయం పాతది. తెలుగునాడు విడిచి షోలాపూరు, భీవండి, సూరత్, అహ్మదాబాదు వంటి చోట్ల స్థిరపడిన నేత కుటుంబాల చరిత్రను ఈ రెంటి వెలుగులో చూస్తే, వలస కథల్లో సాధారణంగా కనిపించని ఒక సంగతి తెలుస్తుంది. కొత్త యంత్రం వచ్చినప్పుడు ఎవరు ఏ పని చేయాలో యంత్రం నిర్ణయించదు. దాన్ని ఎక్కడ పెట్టాలో, దాని చుట్టూ పనిని ఎలా పంచాలో నిర్ణయించే మనుషులే నిర్ణయిస్తారు.

ముందు ఇంటి మగ్గాన్ని చూద్దాం. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసేవాడు. భార్య పక్కనే రాట్నం మీద కండెలు చుట్టి అందించేది. నూలు తోడటం, చిక్కు తీయటం పిల్లలు, ముసలివారు చూసుకునేవారు. పడుగుకు గంజి పెట్టడానికి మాత్రం ఇల్లు చాలదు. అందుకే పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవారు. అది ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు చేతులు కలపవలసిందే. అంటే ఇల్లూ వీధీ కలిసి ఒక ఉత్పత్తిశాల. నూలు ఇంటికి వచ్చింది మొదలు బట్టగా బయటికి వెళ్ళేదాకా ప్రతి దశా అందరి కళ్ళ ముందే జరిగేది.

అయితే దీన్ని స్వర్ణయుగంగా ఊహించుకోవలసిన పనిలేదు. మజూరీ బట్టకు గాని, కండెకు కాదు. అది వచ్చేది మగవాడి చేతికి. ఆడవారి శ్రమ ఆ అమరికలో తప్పనిసరి భాగమే అయినా, లెక్కలో ఎక్కడా కనిపించదు.

షోలాపూరులో మొదటి నూలుమిల్లు 1877లో ఏర్పడింది. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు మిల్లుల్లోకీ, చేనేత కార్ఖానాల్లోకీ పనికోసం తరలివచ్చాయి. మిల్లులో అమరిక వేరు. వడికే యంత్రాలు ఒక విభాగంలో, పడుగు తయారీ మరొక విభాగంలో, గంజి ఇంకొకచోట, మగ్గాలు వేరే షెడ్డులో. ఒకే రకం యంత్రాలను ఒకచోట చేర్చటం ఆ పద్ధతి లక్షణం. అక్కడ నేతగాడికి గంజి పెట్టే మనిషి ముఖం తెలియనక్కరలేదు. తర్వాత మరమగ్గాలు వచ్చి, ఊరు దుప్పట్లకూ తువ్వాళ్ళకూ పేరు పొందింది. మగ్గం ఇల్లు దాటి షెడ్డు చేరాక ఇంట్లో రాట్నం పని సన్నగిల్లింది. ఆ వాడల్లో వేలమంది తెలుగు ఆడవారు బీడీలు చుట్టే పనిలో కుదురుకున్నారు. ఇల్లు మళ్ళీ పనిచోటే అయింది గాని, బట్టతో దానికి సంబంధం తెగింది.

ఇది తప్పనిసరి పరిణామమా? ఈ ప్రశ్నకు పాక్షికంగానైనా జవాబిచ్చే ప్రయోగం అహ్మదాబాదులోని కాలికో మిల్లులో జరిగింది. అక్కడ ఒక షెడ్డులో 224 ఆటోమేటిక్ మగ్గాలు నెలకొల్పారు. వాటికి 29 మంది, 12 రకాల పనులు. తెగిన పోగు అతికేవారు ఒకరు, కండెలు నింపేవారు ఇంకొకరు, నూనె వేసేవారు మరొకరు. ఒక్కొక్కరికి కేటాయించిన మగ్గాల సంఖ్య ఒక్కొక్క విధంగా ఉండటం వల్ల ఎవరు ఎవరి జట్టో తెలిసేది కాదు. కొత్త యంత్రాలు వచ్చినా ఆశించిన ఫలితం రాలేదు.

లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ. కె. రైస్ 1953లో ఒక సూచన చేశాడు. 64 మగ్గాలకు ఏడుగురితో ఒక జట్టు ఏర్పడాలి, ఆ మగ్గాల మీద జరిగే నేతపని మొత్తానికి ఆ జట్టే బాధ్యత వహించాలి. ఎవరు ఏ జట్టులో చేరాలన్నది కార్మికులే కూర్చుని తేల్చుకున్నారు. మొదటి రోజుల్లో పని కుంటుపడినా, తర్వాత సామర్థ్యం సుమారు 80 శాతం నుంచి 95 శాతానికి పెరిగింది. లోపాలున్న బట్ట 32 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. మగ్గాలు పాతవే. మారింది మనుషుల మధ్య పని పంపకం. రైస్ ఈ అనుభవాన్ని 1958లో పుస్తకంగా వెలువరించాడు. 1970లో ఎరిక్ మిల్లర్ మళ్ళీ వెళ్ళి చూసినప్పుడు ఒక షెడ్డులో జట్టు పద్ధతి ఇంకా నిలిచి ఉంది. మిగిలినచోట్ల చాలావరకు సడలిపోయింది. మంచి అమరిక కూడా దాన్ని కాపాడుకునేవారు లేకపోతే నిలవదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కాలికో జట్టుకూ సాలెవీధికీ పోలిక గమనించదగినది. రెండుచోట్లా పని మొత్తం కొద్దిమంది కలిసి చూసుకునేదే. భేదం కూడా అంత ముఖ్యమైనదే. మిల్లు జట్టులో ప్రతి మనిషికీ వేతనం ఉంది. సాలె ఇంట్లో కండెలు చుట్టిన చేతికి లేదు.

ఈ చరిత్రలో అధిక భాగం ఇంకా కాగితం మీదికి ఎక్కలేదు. మీ ఇంటి పెద్దల్లో నేసినవారు, కండెలు చుట్టినవారు, బీడీలు చుట్టినవారు ఉంటే, పని జరిగిన గదిని గుర్తు చేసుకోమని అడగండి. మగ్గం ఏ మూలన ఉండేది, రాట్నం ముందు ఎవరు కూర్చునేవారు, కూలి ఎవరి చేతికి వచ్చేది అని విచారించి, ఆ పటం గీసి, ఒక్కొక్క పనికి ఇంట్లో వాడిన తెలుగు మాటను పక్కనే రాయండి. ఆ పనులు పోయినచోట ఆ మాటలు కూడా పెద్దవారి నాలుక మీదనే మిగిలి ఉన్నాయి.