గాడిలోకి వచ్చే గొలుసు: ఎమైలేజ్ నిర్మాణం, గోస్పాడు తిండి గింజలు

నంద్యాలకు దక్షిణాన ఉన్న గోస్పాడు మండలంలో తిండి గింజలు రెండు రకాల నేలల నుంచి వస్తాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరే కేసీ కెనాల్ నీళ్లు పారినచోట వరి, కాలువ అందని నల్లరేగడిలో జొన్న, కొర్ర. వరిలో పెద్ద పేరు 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204ది. పుస్తకాల్లో అది సాంబ మసూరి, బజార్లో కర్నూలు సోనా, నంద్యాల సోనా. కొర్రలో సూర్యనంది వంటి రకాలను 1906లో మొదలైన నంద్యాల పరిశోధనా స్థానం ఇచ్చింది. ఇప్పుడు ఇటు నంద్యాలలోనైనా అటు ఆళ్లగడ్డలోనైనా షుగరు వచ్చినవాళ్లకు అందే సలహా ఒకటే: అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమని. సలహా తప్పనను. దాని కారణాన్ని మొత్తం గింజకే అంటగట్టడంతోనే నా పేచీ. అన్నాన్నైనా రొట్టెనైనా అరిగించడం మొదలుపెట్టే ఎంజైమ్ ఒకటే, ఎమైలేజ్. దాని నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే, గింజ పేరు కన్నా ఆ ఎంజైమ్ గాడిలోకి పిండి గొలుసు ఏ రూపంలో వస్తోందన్నదే ముఖ్యమని తెలుస్తుంది.

మొలకెత్తిన బార్లీ నుంచి పిండిని కరిగించే పదార్థాన్ని పాయెన్, పెర్సోజ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు 1833లోనే వేరుచేశారు. దాని ఆకారం కంటబడటానికి మాత్రం ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1984లో జపాన్ శాస్త్రజ్ఞులు ఒక బూజు ఎమైలేజ్ నిర్మాణాన్ని ఎక్స్‌కిరణాలతో తేల్చారు. మనిషి క్లోమంలోని ఎమైలేజ్‌ది 1995లో, లాలాజలంలోని దానిది 1996లో వెలువడ్డాయి.

మనిషి ఎమైలేజ్ 496 అమైనో ఆమ్లాల గొలుసు. అది ముడుచుకుని మూడు భాగాలుగా తయారవుతుంది. పెద్ద భాగం పీపా ఆకారం: లోపల ఎనిమిది పట్టీలు, వాటి చుట్టూ ఎనిమిది మెలికలు. మూడో పట్టీ తర్వాత గొలుసు బయటికి పొడుచుకొచ్చి రెండో భాగమవుతుంది. ఈ రెండింటి మధ్య ఒక కాల్షియం అయాన్ కూర్చుని వాటిని పట్టి ఉంచుతుంది. అది పోతే ఎంజైమ్ బిగి సడలుతుంది. మూడో భాగం కాస్త దూరంగా ఉంటుంది. దాని పని ఏమిటన్నది మిగతా రెండింటి పనంత స్పష్టంగా తేలలేదు.

అసలు పని జరిగేది పీపా నోటి దగ్గరున్న పొడవాటి గాడిలో. పిండి అంటే గ్లూకోజ్‌ల గొలుసు; క్లోమ ఎమైలేజ్ గాడిలో ఐదు గ్లూకోజ్‌లకు చోటుంది. కోత మూడో చోటుకూ నాలుగో చోటుకూ నడుమ పడుతుంది. అక్కడ మూడు ఆమ్ల అవశేషాలు కాచుకుని ఉంటాయి: 197వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం, 233లో గ్లూటమిక్ ఆమ్లం, 300లో మళ్లీ ఆస్పార్టిక్ ఆమ్లం. 233 ఒక ప్రోటాన్ ఇచ్చి బంధాన్ని బలహీనపరుస్తుంది. ఆ క్షణంలోనే 197 గ్లూకోజ్‌ను వెనకవైపు నుంచి పట్టుకుంటుంది. తెగిన సగం వెళ్లిపోయాక ఖాళీ అయిన చోటికి నీటి అణువు వస్తుంది, 233 దాన్ని పురిగొల్పి రెండో సగాన్ని విడిపిస్తుంది. రెండుసార్లు తిరగబడటం వల్ల చక్కెర మొదటి అమరికలోనే మిగులుతుంది. ఈ కథ ఊహ కాదు. 197ను మార్చి చూస్తే ఎంజైమ్ వేగం సుమారు పది లక్షల రెట్లు పడిపోయింది. మిగతా రెండింటిని మార్చినప్పుడు పడిపోయింది వేల రెట్లు మాత్రమే.

గాడికి దగ్గర్లోనే ఒక క్లోరైడ్ అయాన్ కూడా ఉంటుంది. 233 తన ప్రోటాన్‌ను సరైన ఆమ్లత దగ్గర పట్టి ఉంచడానికి అది తోడ్పడుతుంది. మనిషి ఎమైలేజ్ తటస్థతకు దగ్గరగా బాగా పనిచేయడానికి ఇదొక కారణం. (అందుకని సంగటిలో ఉప్పు పెంచనక్కర్లేదు. ఎంజైముకు కావలసిన క్లోరైడ్ లాలాజలంలోనే ఉంది.)

ఈ నిర్మాణానికి ఒక పరిమితి ఉంది, మన తిండికి సంబంధించి అదే కీలకం. గాడి ఇరుకు. ఒంటి గొలుసే అందులో ఇముడుతుంది. పిండిలోని కొమ్మల గొలుసైన ఎమైలోపెక్టిన్‌లో కొమ్మలు చీలే చోటు ఇమడదు. అందుకే ఎమైలేజ్ పని ముగిసేసరికి మాల్టోజ్, మాల్టోట్రయోజ్, కొమ్మలున్న చిన్న ముక్కలు మిగిలిపోతాయి. వాటిని గ్లూకోజ్ చేసేవి చిన్నపేగు గోడమీది వేరే ఎంజైములు. పచ్చి గింజలో పిండి గొలుసులు జంటలుగా పెనవేసుకుని గట్టి పొరలుగా పేర్చి ఉంటాయి కనుక అవీ గాడిలోకి సులువుగా రావు. వాటిని విడదీసేది ఎసరు.

అన్నం వండేటప్పుడు నీరు ధారాళం. పొరలు ఉబ్బి గొలుసులు విడిపోతాయి, గాడికి పని తేలిక. అదే అన్నం రాత్రంతా చల్లారి సద్దన్నమైతే కొన్ని గొలుసులు, ముఖ్యంగా కొమ్మలు అంతగా లేని ఎమైలోజ్, మళ్లీ పెనవేసుకుంటాయి. జొన్నరొట్టె దారి వేరు. పిండిలో ఉడుకు నీళ్లు పోసి, పిసికి, తట్టి, పెనం మీద కాల్చేస్తారు. పిండి మొత్తం ఉబ్బేంత నీరు అక్కడ దొరకదు. పైగా జొన్నలోని కాఫిరిన్ ప్రోటీన్లు వేడికి ఒకదానితో ఒకటి గంధక బంధాలతో ముడిపడి పిండి రేణువుల చుట్టూ గోడ కడతాయి. ఎంజైమ్ ఆ గోడ దాటి రావాలి. ఆ జొన్ననే నూక చేసి సంగటిగా బాగా ఉడికిస్తే, గోడ ఉన్నా పిండికి కావలసినంత నీరు అందుతుంది. కాబట్టి జొన్నరొట్టె గుణాన్ని జొన్న సంగటికి యథాతథంగా ఆపాదించలేం. జొన్న మంచిదన్న మాటలో పెనానికి దక్కాల్సిన వాటా కూడా ఉందని నా అభిప్రాయం.

గాడిని మూసేసే పదార్థాలూ ఉన్నాయి. షుగరు మందు అకార్బోజ్ ఆ గాడిలోనే చేరి గొలుసుకు చోటు లేకుండా చేస్తుంది. రాగి గింజ ఇంకా తెలివైనది. అందులోని 122 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఒకటి ప్రోటీన్లను అరిగించే ట్రిప్సిన్‌నూ ఎమైలేజ్‌నూ రెండింటినీ ఆపుతుంది. పిండిపురుగు ఎమైలేజ్‌తో అది కలిసిన నిర్మాణాన్ని 1998లో చూసినప్పుడు, ప్రోటీన్ మొదటి కొస నేరుగా గాడిలోకి దూరి కోత స్థానాన్ని అడ్డుకుంటోందని తేలింది. గింజ తనను పురుగు నుంచి కాపాడుకునే ఉపాయమది.

మనుషుల మధ్య తేడా ఎంజైమ్ ఆకారంలో కన్నా పరిమాణంలో ఎక్కువ. లాలాజల ఎమైలేజ్ జన్యువు ప్రతులు ఒక్కొక్కరిలో ఒక్కో సంఖ్యలో ఉంటాయి. పిండి ఎక్కువగా తినే జనసమూహాల్లో ఆ ప్రతులు సగటున ఎక్కువని 2007లో ఒక అధ్యయనం చూపింది. గాడి అదే, గాళ్ల సంఖ్య వేరు.

రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోనా బియ్యానికి గ్లైసీమిక్ సూచిక (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) 51 చుట్టూ ఉందని ప్రచారం జరిగాక, ప్రతి గింజకూ ఒక అంకె అడగడం మొదలైంది. పరీక్షించిన వంటకు ఆ అంకె చెల్లుతుంది. కానీ గాడికి అందేది బియ్యం బస్తా మీది పేరు కాదు. నంద్యాల కొర్రకో గోస్పాడు జొన్నకో రేపు ఇలాంటి అంకె తేల్చేటప్పుడు, గింజ ఎంత నీటిలో ఎంతసేపు ఉడికింది, వేడిగా పెట్టారా చల్లార్చి పెట్టారా, సంగటా రొట్టెనా అన్న వివరాలు అదే పట్టికలో పక్క గడిలో ఉండాలి.