కార్ల కర్మాగారం నుంచి చిత్రకారుడి తెర వరకు: బెజియే వక్రరేఖల చరిత్ర

కంప్యూటర్‌లో బొమ్మలు గీసేవారికి 'పెన్ టూల్' సుపరిచితం. తెర మీద ఒకచోట నొక్కి, మరోచోట నొక్కి లాగితే రెండింటి మధ్య నునుపైన గీత ఏర్పడుతుంది. ఈ సాధనం వెనుక ఉన్న గణితం చిత్రకళాశాలలో రూపొందలేదు. ఫ్రాన్స్‌లోని రెండు కార్ల కంపెనీలలో రూపొందింది.

1950లలో కారు ఆకారాన్ని మొదట చిత్రంగా, తరువాత మట్టి నమూనాగా తయారుచేసేవారు. నమూనాను చూసి డ్రాయింగులు, వాటిని బట్టి అచ్చులు చేసేవారు. దశ మారినప్పుడల్లా వంపులో కొద్దిపాటి తేడా వచ్చేది. పైగా, సంఖ్యల ఆధారంగా లోహాన్ని కోసే యంత్రాలు అప్పుడే వస్తున్నాయి. యంత్రానికి వంపును చేతితో చూపలేం, లెక్కగా చెప్పాలి.

1958లో సిట్రోయెన్‌లో చేరిన గణితవేత్త పాల్ ద కాస్తెల్జో మరుసటి ఏడాదే ఇందుకు పద్ధతి కనుగొన్నాడు. కాగితం మీద మీరూ చేసి చూడండి. క, ఖ, గ, ఘ అనే నాలుగు బిందువులు పెట్టి, వరుసగా మూడు సరళరేఖలతో కలపండి. ఆ రేఖల మధ్యబిందువులు మూడింటిని వరుసగా కలిపితే రెండు రేఖలు వస్తాయి. వాటి మధ్యబిందువులను కలిపితే ఒక్క రేఖ మిగులుతుంది. దాని మధ్యబిందువు మనకు కావలసిన వక్రరేఖ మీద ఉంటుంది. సగానికి బదులు అన్ని దశల్లోనూ పావు వంతు తీసుకుంటే మరో బిందువు దొరుకుతుంది. ఇలా ఎన్నైనా గుర్తించవచ్చు. వక్రరేఖ 'క' వద్ద మొదలై 'ఘ' వద్ద ముగుస్తుంది. 'ఖ', 'గ' బిందువులు దానిని తమవైపు లాగుతాయి. పెన్ టూల్‌లో మనం పట్టుకుని తిప్పే పిడులు ఈ రెండే.

సిట్రోయెన్ ఈ పనిని రహస్యంగా ఉంచింది. రెనో కంపెనీ ఇంజనీరు పియర్ బెజియే 1960 ప్రాంతంలో వేరే దారిలో ఇదే వక్రరేఖను చేరుకున్నాడు. ఆయన తన పనిని ప్రచురించాడు. ఆయన రూపొందించిన యూనిసర్ఫ్ వ్యవస్థ 1968లో వాడుకలోకి వచ్చింది. అందువల్ల లోకానికి ఇవి 'బెజియే వక్రరేఖలు' అయ్యాయి. కాస్తెల్జో అంతర్గత నివేదికల సంగతి 1970లలో గాని బయటి గణితవేత్తలకు తెలియలేదు. ముందు కనుగొన్నవాడి పేరు కేవలం గణన పద్ధతికి మిగిలింది. 2012లో ఆయనకు దక్కిన పురస్కారం పేరు కూడా బెజియే అవార్డే! నిజానికి ఈ రేఖలకు మూలమైన బహుపదులను 1912లోనే సెర్గీ బెర్న్‌స్టెయిన్ మరొక సిద్ధాంత నిరూపణ కోసం వాడాడు. వాటితో కారు గీయవచ్చని ఆయన ఊహించి ఉండడు.

1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ స్థాపించిన అడోబి సంస్థ ఈ వక్రరేఖలను ముద్రణకు తెచ్చింది. 1984 నాటి పోస్ట్‌స్క్రిప్ట్ భాష అక్షరాల అంచులను చుక్కల గుంపుగా కాక వక్రరేఖలుగా వర్ణించింది. 1987లో వచ్చిన ఇల్లస్ట్రేటర్ అదే గణితాన్ని చిత్రకారుల చేతికిచ్చింది. చిత్రాన్ని ఎంత పెంచినా అంచు గరుకెక్కదు, ఎందుకంటే కంప్యూటర్ దాచుకునేది బిందువుల స్థానాలను మాత్రమే. గీతను ప్రతిసారీ కొత్తగా లెక్కిస్తుంది.

గుండ్రని తెలుగు లిపికి ఇది మరీ అనుకూలించింది. నేటి తెలుగు ఫాంట్లలోని తలకట్టు, గుడి, సున్న అన్నీ ఇటువంటి వక్రరేఖలే. ట్రూటైప్ ఫాంట్లలో మాత్రం ఒక్కో వంపుకు నాలుగు కాక మూడు బిందువులు సరిపోతాయి.