కువైట్ ఎడారిలో కోనసీమ వారి రుతువులు

కువైట్‌లోని బుర్గాన్‌లో 1938లో చమురు పడింది. 1946లో ఎగుమతి మొదలైంది. 1961 దాకా అక్కడ చలామణీ అయింది రూపాయే. 1973 తర్వాత చమురు ధరలు ఎగబాకడంతో గల్ఫ్ దేశాలకు పనివాళ్లు కావలసి వచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో కోనసీమలోని రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల నుంచి వేలమంది కువైట్, మస్కట్ దారి పట్టారు. వారిలో ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎక్కువ. అరబ్బుల ఇళ్లలో వారిని ఖద్దామా అంటారు.

1990 ఆగస్టు 2న కువైట్‌పై ఇరాక్ దండెత్తినప్పుడు అమ్మాన్ మీదుగా సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి తరలించారు. వెనుదిరిగే ముందు ఇరాక్ సేనలు ఆరువందలకు పైగా చమురు బావులకు నిప్పుపెట్టాయి. 1991 నవంబరులో చివరి బావి ఆరేదాకా ఆ పొగ సూర్యుణ్ని కమ్మేసింది. యుద్ధం ముగిశాక వలస మళ్లీ సాగింది.

అరబ్బుల లెక్కలో ఏడాది మలుపు తిరిగేది సెప్టెంబరు మొదట్లో, తెల్లవారుజామున దక్షిణ దిక్కున సుహైల్ నక్షత్రం కనబడినప్పుడు. మనవాళ్లు అగస్త్యుడని పిలిచేది దాన్నే. ఎండ వెంటనే దిగదు. సముద్రపు గాలి తేమకు ఒళ్లంతా చెమటపడుతుంది. కోనసీమ తీరం నుంచి వెళ్లినవారికి ఇదొక్కటే తెలిసిన వాతావరణం.

అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా వస్మ్ కాలం. కోనసీమలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడితే, కువైట్‌లో పడేది నూట పది, నూట ఇరవై. నవంబరు వస్తే కోనసీమకు తుపాను భయం. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. కువైట్‌లో మాత్రం అదే నెలలో వాన కోసం ఎదురుచూస్తారు. వస్మ్ కాలపు వాన పడితేనే ఇసుకలో గడ్డి మొలుస్తుంది, అర్ఫజ్ పొదలు చిగురిస్తాయి.

చలికాలంలో ఎడారి రాత్రులు గడ్డకట్టే చలికి చేరువవుతాయి. దుప్పటితో శీతాకాలం గడిపే ఊళ్ల నుంచి వెళ్లినవారికి స్వెట్టర్ తప్పనిసరి అవుతుంది. నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా కువైట్ కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. చాలా ఇళ్లవాళ్లు ఖద్దామాను కూడా వెంట తీసుకెళతారు. యజమానికి అది విహారం. ఆమెకు వంటిల్లు మారినట్టే, పైగా చలిలో గిన్నెలు తోమాలి. ఫగా దొరికేదీ ఈ నెలల్లోనే. ఉరుములతో పడిన వస్మ్ వాన తర్వాత ఇసుక కింద పెరిగే దుంపలాంటి పుట్టగొడుగు ఇది. కాండం ఉండదు, ఆకు ఉండదు. నేల కాస్త ఉబ్బి నెర్రె విచ్చినచోట వేళ్లతో మట్టి తప్పించి తీస్తారు. ఉరుములకు పుట్టగొడుగులు లేస్తాయని గట్ల వెంట వెతికే కోనసీమ వారికి ఈ వేట కొత్తేమీ కాదు.

మార్చి చివరి నుంచి మే దాకా సరాయాత్. ఉన్నట్టుండి మబ్బు కమ్మి, ఉరుములతో దుమ్ము లేస్తుంది. 2011 మార్చి 25న గోడలా లేచిన ధూళి పట్టపగలే నగరాన్ని చీకటి చేసింది. పిండికన్నా మెత్తని ఆ దుమ్ము మూసిన కిటికీ సందుల్లోంచి కూడా చొరబడుతుంది. తలుపుల కింద తడి తువ్వాళ్లు పెడతారు. గాలి తగ్గాక సోఫాలు దులపడం, గచ్చు కడగడం, పరదాలు ఉతకడం అన్నీ ఇంటిపని వారి వంతే. ఎడారి ఇంట్లోకి వచ్చేది ఈ రూపంలోనే. దానితో అందరికన్నా ఎక్కువ పోరాడేది వాళ్లే.

జూన్, జూలైలలో వాయవ్యం నుంచి షమాల్ వీస్తుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న నమోదైన ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ 53.9 డిగ్రీలుగా నిర్ధారించింది. మిద్దె మీది ట్యాంకుల్లో నీళ్లు కాగి, చన్నీళ్ల కుళాయిలోంచి కూడా వేడినీళ్లే వస్తాయి. అందుకని గీజరు ఆపేసి, నీడపట్టున అందులో చల్లారిన నీళ్లతో స్నానం చేస్తారు. నీటి విషయంలోనూ రెండు చోట్లకూ పోలిక లేదు. 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి కాలువలకు మళ్లింది. కువైట్‌లో మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తాగునీరు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో వచ్చేది. 1953లో సముద్రపు నీటిని స్వేదనం చేసే కేంద్రం పెట్టాకే ఆ తిప్పలు తగ్గాయి.

ఖర్జూరాలు పండేదీ వేసవి ఎండల్లోనే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషేధం. దానివల్ల మేలు కలిగేది కట్టడాల పనివారికి. ఇంటిపని వారికి 2015లో వేరే చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒకరోజు సెలవివ్వాలని అందులో ఉంది. 2016లో నెలకు కనీస వేతనం 60 దినార్లని నిర్ణయించారు.